చెప్పి వెళ్లిన ఊళ్లు

ఒక వ్యాసం తప్పు. తప్పని దాన్ని రాసినావిడే ఒప్పుకుంది. ఊరికే ఒప్పుకోవడం కాదు, తప్పెక్కడ జరిగిందో చూపిస్తూ రెండో వ్యాసం రాసి అచ్చు వేయించింది. అయినా ఇవాళ్టికీ లోకం మొదటిదాన్నే నెత్తిన పెట్టుకుని ఊరేగుతోంది. ఎక్కడెక్కడి పరిశోధకులో తమ వ్యాసాల చివర దాన్నే ఆధారంగా చూపిస్తున్నారు. రెండోదాన్ని పలకరించే దిక్కు లేదు. పైగా ఆ తప్పు వ్యాసం ఆవిడ ఘనతల్లో మొదటి వరసలో కూర్చుంది. ఒప్పు వ్యాసం ఎక్కడో అడుగున పడి ఉంది.

ఇదీ జరిగిన అన్యాయం. ముందు ఇది కక్కేస్తే గాని నాకు మిగతాది చెప్పడానికి ఊపిరాడదు.

పరిశోధనల్లో చేరబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను మీలాగా చదువుకున్నవాణ్ణి కాదు. ఏడో తరగతితో బడి నన్ను వదిలేసింది, నేను చదువుని వదల్లేదు. తెనాలిలో రైలు కట్ట పక్కన ఒక పాత మేడలో మా పరిశోధన కేంద్రం ఉండేది. గుమ్మం మీద పొడుగాటి పేరుతో బోర్డు ఉండేది గాని, ఊరంతటికీ అది దోమలాఫీసే. రిక్షా ఎక్కి బోర్డు మీద పేరు చెబితే ఆస్పత్రి దగ్గర దించేవాడు. దోమలాఫీసంటే సరిగ్గా మా గుమ్మంలో దించేవాడు.

మా పని బోదకాలు మీద. ఒక కాలికి చెప్పు పట్టక, ఆ చెప్పు చేత్తో పట్టుకుని నడిచే మనుషులు అప్పట్లో తెనాలి బజార్లో కనపడని రోజు లేదు. ఆ జబ్బును మోసేది మన ఇళ్లల్లో ఉండే దోమ. అది రాత్రి నెత్తురు తాగి, పొద్దున్నే బరువెక్కి, మంచం కిందో, దండెం మీద బట్టల మడతల్లోనో కదలకుండా కూర్చుంటుంది. దాన్ని అక్కడే పట్టుకోవాలి.

పట్టుకునేవాణ్ణి నేను. ఉద్యోగం పేరు ఇన్‌సెక్ట్ కలెక్టరు. పెళ్లిచూపులప్పుడు మా మామగారు రెండో మాట ఒక్కటే చెప్పుకుని ఊళ్లో తిరిగారు, ఆ సంగతి వదిలేయండి. టార్చిలైటు వేసి దోమను చూసి, దాని మీద గాజు గొట్టం ఆనించి, గొట్టానికి తగిలించిన రబ్బరు ట్యూబుని నోట్లో పెట్టుకుని చటుక్కున పీల్చాలి. మధ్యలో పల్చటి గుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి దోమ నోట్లోకి రాదు. ఈ మాట చెప్పినా ఎవరూ నమ్మరు. "ఏం బాబూ, రుచెట్లా ఉంది?" అని ఆడవాళ్లు వేళాకోళం ఆడేవాళ్లు.

అట్లాంటి చోటికి డాక్టరమ్మ గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, భుజాన గుడ్డసంచీ. పెద్ద చదువులు చదివి, ప్రాక్టీసు పెట్టుకోకుండా దోమలాఫీసుకి రావడమేంటని మేం గుసగుసలాడుకున్నాం. చేరిన రోజునే నా గొట్టం అడిగి తీసుకుని, ట్యూబు నోట్లో పెట్టుకుని, మా స్టోరు గదిలో బీరువా వెనకాల దోమను పీల్చారు. రెండోసారికే చేతికొచ్చింది. మా ఇన్‌స్పెక్టరు గారు నా వైపు చూసి, "నీ ఉద్యోగానికి ఎసరొచ్చిందిరా తమ్ముడూ" అన్నారు.

ఆవిడ నాకు ఎప్పుడూ పాఠం చెప్పలేదు. తన బల్ల మీద ఇంగ్లీషు నిఘంటువు తెరిచి ఉంచి టిఫిన్‌కి వెళ్లేవారు, అంతే. పక్కనే పత్రికలుండేవి. ఒక్కో వాక్యం ఒక్కో కొండలాగా ఎక్కి దిగేవాణ్ణి. ఆవిడ తిరిగొచ్చి చూసి, ఇంకో కుర్చీ లాగేవారు.

ఇక మా ఇన్‌స్పెక్టరు గారి గురించి చెప్పాలి. తెనాలిలోనే పుట్టి పెరిగిన పాత ముస్లిం కుటుంబం. అందరం సాహెబు గారనేవాళ్లం. ఇస్త్రీ చొక్కా, చెరగని చిరునవ్వు, కోపం వస్తే ఇంకా మెత్తగా మాట్లాడే మనిషి. ఆయనకి ఒక నియమం ఉండేది. పొద్దున్నే ఆడవాళ్లుండే ఇళ్లల్లోకి, అదీ పడకగదుల్లోకి, మగవాళ్లం బిలబిలమంటూ వెళ్తాం గదా. చెప్పకుండా పోకూడదనేవారు. "మన అక్కచెల్లెళ్ల ఇళ్లకి ఎవడో గొట్టం పట్టుకుని తెల్లారేసరికి దిగితే ఊరుకుంటామా?" అనేవారు. అందుకని ముందురోజు రేపల్లె బస్సు కండక్టరుకి చెప్పి పంపేవారు. కండక్టరు ఊరి స్టాపులో దిగి, "రేపు దోమల డాక్టరమ్మ వస్తన్నారంట!" అని టీకొట్లో చెప్పేవాడు. గంటలో ఊరంతా తెలిసిపోయేది. మేం వెళ్లేసరికి తలుపులు బార్లా తీసి ఉండేవి, మంచాల మీద ఉతికిన దుప్పట్లు, కూర్చోమని కుర్చీలు, గ్లాసుల్లో మజ్జిగ. రేపల్లె వైపు ఊళ్లంటే మాకు చుట్టాల ఇళ్లకి వెళ్లినట్టుండేది.

బాపట్ల వైపు అట్లా కాదు. అటు పాసింజరు బండి మీద పోయేవాళ్లం. ఆ బండి ఎప్పుడొస్తుందో స్టేషన్ మాస్టరుకే అంతుబట్టదు, ఇక కబురేం పంపుతాం? దిగిన చోట దిగి, గుమ్మంలో నిలబడి బతిమాలుకుని లోపలికి పోవడమే. కొందరు కసిరేవాళ్లు కూడా.

అట్లా పనిచేయగా ఒక విచిత్రం తేలింది. బాపట్ల వైపు ఇళ్లల్లో దోమలు గొట్టం పట్టనన్ని. రేపల్లె వైపు ఇళ్లల్లో వెతికి వెతికి కళ్లు పోవాల్సిందే. రెండు చోట్లా అవే వరిపొలాలు, అవే మురుగుకాలవలు, అవే పూరిళ్లు, పెంకుటిళ్లు. డాక్టరమ్మ గారు ఈ ముడి విప్పడానికి ఎన్ని తిప్పలు పడ్డారో నాకు తెలుసు. ఒక తేడా మాత్రం కంటికి కనిపించింది. రేపల్లె వైపు, ఏటి ఒడ్డు ఊళ్లల్లో ఇళ్ల వెనకాలే దట్టంగా అరటి. ఆకుల కింద వెతికితే అక్కడ కొన్ని దోమలు దొరికాయి కూడా. వెతికితే ఎక్కడైనా కొన్ని దొరుకుతాయనుకోండి. చివరికి వ్యాసంలో ఏం తేల్చారంటే, చుట్టూ దట్టమైన పచ్చదనం ఉన్నచోట ఈ దోమ రాత్రి ఇంట్లో కుట్టి, తెల్లారేసరికి బయటికి పోయి ఆకుల కింద కూర్చుంటుంది. కాబట్టి అలాంటి ఊళ్లల్లో ఇళ్లలోపల గోడలకి మందు కొట్టినా లాభం లేదు.

ఆ వ్యాసం అచ్చయిన దగ్గర్నించీ మా దోమలాఫీసు దశ తిరిగింది. పుస్తకాల్లో రాసున్నదానికి భిన్నమైన మాట గదా, అందరికీ నచ్చింది. వ్యాసం ప్రతి పంపించమంటూ ఎన్ని దేశాల నుంచి కార్డులొచ్చాయో! ఆ స్టాంపులు చూడ్డానికి పోస్టుమాన్ కూడా మా గదిలో ఆగేవాడు. ఎక్కడో మంచు కురిసే దేశంలో కూర్చున్న మనిషికి రేపల్లె అరటితోట గురించి దిగులేంటి అని నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. మా పెద్దసారు, అంటే కేంద్రానికి అధిపతి, వచ్చినవాళ్లందరికీ ఆ వ్యాసం చూపించేవారు. దాన్ని చూసి పైఅధికారులు ఆ ఊళ్లల్లో ఇళ్లకి మందు కొట్టించడం ఆపేశారు కూడా.

ఇక ఆ రోజు సంగతి.

మండు వేసవి. రేపల్లెలో ఏదో మీటింగు చూసుకుని జీపులో తెనాలికి తిరిగొస్తున్నాం. డాక్టరమ్మ గారు, సాహెబు గారు, నేను, డ్రైవరు. దారిలో ఇంజను వేడెక్కి ఆవిర్లు కక్కింది. ఆగింది సరిగ్గా మేం చాలాసార్లు దోమలు పట్టిన ఊరి మొదట్లో. మంచినీళ్లకని మొదటి ఇంటికే వెళ్లాం. ఆ ఇల్లు మాకు బాగా తెలుసు. మజ్జిగలో కరివేపాకు వేసి ఇచ్చే ఇల్లు.

ఆ ఇంటావిడ మమ్మల్ని చూసి సంతోషించకపోగా గతుక్కుమంది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయ్యో అయ్యో డాక్టరమ్మా! చెప్పకుండా వచ్చేశారేంటండీ! ఇల్లంతా సంతలా ఉంది. ఒక్క నిమిషం ఆగండమ్మా, సర్దేస్తాను."

"మంచినీళ్ల కోసం వచ్చానమ్మా, పెళ్లిచూపులకి కాదు" అంటూ డాక్టరమ్మ గారు నవ్వి, పక్కనుంచి లోపలికి వెళ్లారు.

వెనకాలే మేమూ వెళ్లాం. లోపల చీకటిగా ఉంది. మంచం మీద పద్దెనిమిదో పందొమ్మిదో ఉన్న పిల్ల ముసుగేసుకుని పడుకుని ఉంది. ఇంటావిడ కూతురు. జ్వరం. "ఏటికేడాది ఇట్టాగే వస్తందండీ. ఈసారి కాలు కూడా లాగేస్తందంటంది" అంది ఇంటావిడ. డాక్టరమ్మ గారు దుప్పటి పక్కకి తీసి కాలు చూశారు. చీలమండ దగ్గర వేలితో నొక్కి చూశారు. వేలు పడ్డచోట గుంట అలాగే నిలిచిపోయింది. బోదకాలు మొదలయ్యేది ఇట్లాగే.

ఆవిడ మొహంలో నవ్వు పోవడం నేను చూశాను. ఈ ఊరికే గదా మందు అక్కర్లేదని తన వ్యాసం చెప్పింది.

అప్పుడు తల ఎత్తారు. మంచం పైన, గోడ నుంచి గోడకి దండెం. దాని మీద లుంగీలు, చీరలు, దుప్పట్లు, చొక్కాలు, ఒకదాని మీద ఒకటి. మేం ఇన్నిసార్లు ఆ ఇంటికి వెళ్లామా, ఆ దండేన్ని ఎప్పుడూ ఖాళీగా తప్ప చూడలేదు. ఆవిడ చెయ్యి చాపి ఒక లుంగీ అంచు పట్టుకుని మెల్లగా కదిలించారు.

దోమలు లేచాయి. గది నిండా లేచాయి. చెవుల్లో ఆ రొద ఇప్పటికీ ఉంది నాకు.

ఆవిడ మంచం పట్టె మీద కూర్చున్నారు. చాలా నెమ్మదిగా అడిగారు.

"అమ్మా, మేమొస్తున్నామని తెలిసినప్పుడు మీరు ఏం చేసేవాళ్లు?"

ఇంటావిడకి ఇది మందలింపు అనిపించిందేమో, రోషంగా చెప్పింది.

"ఏం చేస్తామండీ, అందరం చేసేదే! పెద్దవాళ్లు ఇంటికొస్తంటే ఇల్లు ఇట్టా ఉంచుకుంటామా? ముందురోజే బూజులు దులిపేదాన్ని. దండెం మీద బట్టలన్నీ తీసి పెట్టెలో పడేసేదాన్ని. తెల్లారగట్ల లేచి, మంచాలు బయటేసి, ఇల్లంతా సాంబ్రాణి పొగ పట్టేదాన్ని. వీధి వీధంతా అంతేనండి. ఎదురింటావిడైతే వేపాకు కూడా ఏసేది. డాక్టరమ్మ ఇల్లు చూసి ఏమన్నా అనుకుంటదని మాకుండదా?"

సాహెబు గారి మొహం పాలిపోయింది. గోడకి ఆనుకుని నిలబడ్డారు. కబురు పంపింది ఆయనే గదా. నేను డాక్టరమ్మ గారి వైపు చూడలేకపోయాను. అన్ని దేశాల నుంచి కార్డులు తెప్పించిన వ్యాసం, పెద్దసారు గర్వంగా చూపించే వ్యాసం, సాంబ్రాణి పొగలో కలిసిపోయింది. ఇప్పుడేం చేస్తుంది ఈవిడ? ఏడుస్తుందా? మా మీద విరుచుకుపడుతుందా?

ఆవిడ నా వైపు చెయ్యి చాపారు. "గొట్టం తెచ్చావా?"

జీపులో ఉంటే పరిగెత్తి తెచ్చాను. ఆ ఎండలో, ఆ చీకటి గదిలో, చీర కుచ్చిళ్లు దోపుకుని, ట్యూబు నోట్లో పెట్టుకుని, తన వ్యాసం లేవని చెప్పిన దోమల్ని ఒక్కొక్కదాన్నే పీల్చడం మొదలుపెట్టారు. మధ్యలో నోట్లోంచి ట్యూబు తీసి, "ఎంత మర్యాదస్తులయ్యా మన జనం!" అన్నారు. ఎగతాళిగా కాదు. నిజంగా అబ్బురపడుతూ అన్నారు. నా ఉద్యోగంలో నేను చాలామంది పెద్దవాళ్లని చూశాను. గొప్పతనమనేది నా కళ్లముందు జరగడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను.

తెనాలిలో జీపు దిగేటప్పుడు సాహెబు గారు, "అమ్మా, ఇదంతా నా మూలాన" అన్నారు.

"కాదు సాహెబు గారూ. మీ మూలాన ఆ ఇళ్లల్లోకి నన్ను రానిచ్చారు. కళ్లుండీ చూడంది నేను" అన్నారావిడ.

ఆ పిల్లని తెనాలి పిలిపించి మందులు మొదలుపెట్టించారు. వాపు అక్కడితో ఆగింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా మేం చేసిన పని ఇంకోటి. కొన్ని ఊళ్లకి కబురు పంపి వెళ్లాం, కొన్నింటికి పంపకుండా వెళ్లాం. మళ్లీ వాటినే తారుమారు చేశాం. బాపట్ల వైపు కూడా. అక్కడ ఇళ్ల వెనక అరటి లేదు, ఏమీ లేదు. ఊరికే ముందురోజు మనిషిని పంపి చెప్పించాం, అంతే. దోమలు మాయం. మమ్మల్ని కసిరిన ఇళ్లే కుర్చీలు వేశాయి! అదే ఊరికి కొన్నాళ్లాగి చెప్పకుండా వెళ్తే గొట్టాలు చాల్లేదు. చెప్పకుండా వెళ్లడం సాహెబు గారికి ప్రాణసంకటంగా ఉండేది. అందుకని ఊళ్లో దిగాక డాక్టరమ్మ గారే మా ముందు నడిచి, ప్రతి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇల్లు ఎట్లా ఉంటే అట్లాగే ఉంచండి. చక్కబెట్టారంటే నా కూడు పోతుంది" అని బతిమాలేవారు. నవ్వుకుంటూ లోపలికి రానిచ్చేవాళ్లు.

రెండో వ్యాసం రాస్తుంటే పెద్దసారు గదిలోకి వచ్చారు. అప్పటికి టైపు కూడా నేర్చుకున్నాను, పక్క బల్ల దగ్గర కొడుతున్నాను.

"ఎందుకమ్మా ఇది? ఆ వ్యాసం నీకు పేరు తెచ్చింది, నాకూ తెచ్చింది. తప్పని ఎవరైనా అన్నారా?"

"ఇంకా ఎవరూ అనలేదు సార్."

"మరి?"

"రేపల్లె వైపు మందు ఆపేశారు గదండీ."

పెద్దసారు ఫ్యాను వేగం పెంచి వెళ్లిపోయారు. ఆయనకి తోచిన సాయం అది.

ఆ వ్యాసం మీద సాహెబు గారి పేరు కూడా వేశారు డాక్టరమ్మ గారు. ఆయన అక్కర్లేదని మొత్తుకున్నారు. "తప్పులో నా పేరెందుకమ్మా!" అంటే, "తప్పు మొదటిదండీ. దాంట్లో మీ పేరు వేయకపోవడం ఇంకో తప్పు. ఇది ఒప్పు, దీంట్లో ఉంటుంది" అన్నారు. మొదటి వ్యాసాన్ని అచ్చేసిన పెద్ద పత్రిక రెండోదాన్ని వద్దంది. పాఠకులకి ఆసక్తి ఉండదట! ఏడాది తిరిగి, ఎవరికీ తెలియని ఒక చిన్న పత్రికలో వచ్చింది. కార్డులు రాలేదు. పోస్టుమాన్ ఆగలేదు. ఆవిడే ఆ ప్రతి సంచీలో వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఆ ఊళ్లల్లో మందు మళ్లీ కొట్టించారు.

తర్వాత పెద్ద పదవి ఒకటి ఖాళీ అయింది. ఆవిడ కంటే తగినవాళ్లు లేరని మేమంతా అనుకున్నాం. అట్లాంటి పదవికి అప్పటిదాకా అచ్చయిన వ్యాసాలన్నీ వరసగా చూపించాలి. ఆ పట్టిక టైపు చేసింది నేనే. మొదటి వ్యాసం పేరు కింద ఒక వాక్యం కొట్టమన్నారు. "ఇందులో తేల్చిన విషయం తప్పు. కింద ఉన్న రెండో వ్యాసం చూడండి."

నా చేతులు ఆగిపోయాయి. "అమ్మా, ఎవరైనా అడిగితే అప్పుడు చెబుదురు గాని."

"అడగరయ్యా. అందుకే రాయడం."

అడగలేదు. ఇంటర్వ్యూలో ఆ వాక్యం చదివి ఒకాయన, "అయితే దీన్ని లెక్కలోంచి తీసేయమంటారా?" అన్నాడట. "తీసేయండి" అని వచ్చేశారట. పదవి ఇంకొకాయనకి వచ్చింది. ఆయన రాసిన వ్యాసాల్లో మా మొదటి వ్యాసాన్ని ఆధారంగా చూపించినవి కూడా ఉన్నాయి! మర్నాడు పొద్దున్నే ఆవిడ బాపట్ల పాసింజరు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు, సంచీ భుజానేసుకుని. "బండి ఇవాళైనా టైముకొస్తుందంటావా?" అని అడిగారు.

ఇదంతా ఎప్పటి మాటో. సాహెబు గారు పోయారు. మా దోమలాఫీసు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుంది. మొన్నీమధ్య మా వీధిలో ఫార్మసీ చదివే అమ్మాయి ఒకతె, "తాతగారూ, మీ డాక్టరమ్మ గారి పేరు కొట్టి చూద్దామా?" అంది. ఎవరి వ్యాసాన్ని ఎంతమంది ఆధారంగా చూపించారో లెక్క వస్తుందట. సైటేషన్లంటారట. తెర మీద మొదటి వ్యాసం పేరు పక్కన అంకె చూసి ఆ అమ్మాయి, "అబ్బో, చాలా గొప్పావిడండీ!" అంది. రెండో వ్యాసం కోసం కిందికి కిందికి జరపాల్సి వచ్చింది. దాని అంకెకి ఒక చేతి వేళ్లు ఎక్కువ.

"ఎవరమ్మా ఇది లెక్కేసింది?"

"కంప్యూటరండి."

"దానికి చదవడం వచ్చా?"

"లెక్కపెట్టడం వచ్చండి."

"మరి ఈ పెద్దమనుషులకి చదవడం వచ్చు గదా! తప్పు అని రాసినావిడే చెప్పింది గదా!"

"ఒకళ్ల దాంట్లోంచి ఇంకొకళ్లు ఎత్తి రాస్తారు తాతగారూ. మేమూ అంతే" అని నాలిక్కరుచుకుంది.

ఒళ్లు మండిపోయింది. మొదటి వ్యాసాన్ని కొత్తగా ఉదహరించిన వాళ్లందరికీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషులోనే. ఆ అమ్మాయి మెయిల్లో పంపేది. రెండో వ్యాసం కూడా ఫొటోలు తీసి జతచేసేది. చాలామంది పలకలేదు. ఒకాయన దగ్గర్నుంచి వెంటనే జవాబొస్తే ఎగిరి గంతేశాను. సెలవులో ఉన్నానని, ఆయన కంప్యూటరు దానంతటదే ఇచ్చిన జవాబట. ఇంకొకాయన నా ఆసక్తికి ధన్యవాదాలు చెప్పి, తన వ్యాసాలు నాలుగు పంపాడు, చదువుకోమని!

ఆ కోపంతోనే బస్సెక్కి బాపట్ల వెళ్లాను. డాక్టరమ్మ గారు రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డారు. భూతద్దం పెట్టుకుని పేపరు చదువుతున్నారు. నా గోడంతా వెళ్లబోసుకున్నాను. అంతా విని నవ్వారు.

"ఇంత వయసొచ్చినా నీ ఆవేశం తగ్గలేదయ్యా."

"అది కాదమ్మా, రెండోదాన్ని ఎవరూ..."

"రెండోది చదివినవాడు ఏం చెయ్యాలి చెప్పు? దాని పేరు రాసుకోవాలా? కబురు పంపకుండా ఊళ్లోకి వెళ్లాలి. వెళ్లాడో లేదో నీ ఫోన్లో అంకె చెబుతుందా?"

కాఫీ తాగి వచ్చేశాను. కోపం మాత్రం తగ్గలేదు, ఉత్తరాలు మానలేదు. పిల్లలూ, ఇంకొకరి మాటని మీ మాటకి సాక్ష్యంగా నిలబెట్టేముందు ఆ మాట పూర్తిగా వినండి. వాళ్లే తర్వాత ఏమన్నారో కూడా వినండి. నాకు తెలిసిన పరిశోధన ఇంతే.

పోయిన నెల, నేను ఆశ వదిలేసుకున్నాక, జవాబొచ్చింది. సముద్రాల అవతల, ఆఫ్రికాలో వరి పండించే ఒక చోటి నుంచి. రాసింది దోమల మీద పనిచేసే ఒక అమ్మాయి. ఫార్మసీ అమ్మాయి చదివి వినిపిస్తానంది గాని, నేనే చదువుకున్నాను, నిఘంటువు పక్కన పెట్టుకుని. ఫోను పట్టుకుని మళ్లీ బాపట్ల బస్సెక్కి డాక్టరమ్మ గారికి పైకి చదివి వినిపించాను. ఆవిడ భూతద్దం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నారు. తెలుగులో అది ఇట్లా ఉంటుంది.

"అయ్యా, మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆలస్యానికి క్షమించండి. నిజం చెప్పాలంటే మీ డాక్టరు గారి మొదటి వ్యాసాన్ని మేం చదవలేదు, ఇంకొకరి వ్యాసంలో చూసి రాసుకున్నాం. మీరు పంపిన రెండోదాన్ని మాత్రం మా బృందమంతా కూర్చుని చదివాం. చదివాక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే మేం కూడా ఊరి పెద్దకి ముందు చెప్పి పంపించే వెళ్తాం. ఇక్కడ అదే మర్యాద. మా ఊళ్లల్లో కూడా ఈ దోమలు ఇళ్లల్లో ఉండవని రాయబోతున్నాం. రాయడం ఆపాం. మొన్న మంగళవారం కబురు పంపకుండా వెళ్లాం. ఇంటావిడ మమ్మల్ని చూసి చాలా సిగ్గుపడింది, సర్దుకుంటానని గుమ్మంలోనే ఆపబోయింది. లోపల తాడు మీద బట్టలు వేలాడుతున్నాయి. కదిలించాం. దోమలున్నాయి."